కొత్త అరలో మగ ఎలుకలు

ఫిబ్రవరి 3

మేడమ్ ల్యాబ్‌కు కొత్త ఎలుకలు తెప్పించారు. కిటికీ వైపు అర మొత్తం వాటికే. మగవాటిని, ఆడవాటిని జతలు కట్టమన్నారు. ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు. మేత, రంపపు పొట్టు, నీళ్లు ఎప్పటిలాగే లెక్క రాశాను.

ఫిబ్రవరి 5, ఉదయం

చాలా ఆడవాటికి ప్లగ్ కనిపించింది. మగది కలిసిందంటే తెల్లారేసరికి అక్కడ మైనంలాంటి బిరడా పడుతుంది. ఆపైన మూడు వారాలకు పిల్లలు. ఇదంతా పుస్తకాలు చూసి నేర్చుకున్నదే. సీసాలు కడిగే మా బావమరిది తొంగి చూసి, పెళ్లివారిల్లులా ఉందే బావా అని నవ్వాడు.

ఫిబ్రవరి 11

సింకు దగ్గర బావమరిది గొంతు తగ్గించి, పిల్లల కోసం ఎన్నాళ్లని చెల్లి చేత మందులు మింగిస్తావు బావా, నువ్వూ ఓసారి టెస్ట్ చేయించుకోరాదా, పోయేదేముంది అన్నాడు. కుళాయి కట్టేసి వచ్చేశాను.

నాకేం తక్కువ?

ఇంటికొచ్చి కంచం పక్కకు నెట్టాను. అన్నయ్య ఏమైనా అన్నాడాండీ అని నా భార్య అడిగింది. అంటే ఇద్దరూ ముందే అనుకున్నారన్నమాట.

ఫిబ్రవరి 26

పాత అరల్లో పిల్లలు కుప్పలు కుప్పలు. కొత్త అరలో ఒక్కదానికీ కడుపు రాలేదు. ప్లగ్‌లు నా కళ్లారా చూశాను.

కొత్త అర సీసాలకు ఎర్ర మూతలు. విడిగా కడిగి నింపేది బావమరిది ఒక్కడే.

ఫిబ్రవరి 27

ఎర్రమూత సీసా వాసన చూశాను. ఏమీ లేదు. మళ్లీ చూశాను. ఉన్నట్టే ఉంది.

ఫిబ్రవరి 28

సూపర్‌వైజర్ త్వరలో రిటైరవుతున్నాడు. ఆ పోస్టు నాకే అని అందరూ అంటున్నారు. నా అర గొడ్డుబోతే ఎవరికి లాభం? నన్ను చూడగానే బావమరిది ఈల ఆపేస్తున్నాడు. ఎందుకు ఆపాలి?

మధ్యాహ్నం తన డబ్బాలోంచి సగం అన్నం పెట్టబోతే కడుపు బాగాలేదన్నాను. మందు కలిపాననుకున్నావా ఏంటి అని పగలబడి నవ్వాడు. అలాంటి ఆలోచనే లేని మనిషి నోటికి ఆ మాట ఎలా వస్తుంది?

మార్చి 1

మేడమ్ ఊళ్లో లేరు. సూపర్‌వైజర్‌తో సీసాల మీద అనుమానంగా ఉందన్నాను. ఎవరు కడుగుతున్నారని అడిగాడు. చెప్పాను.

మార్చి 2

బావమరిదిని గోడౌన్‌కు వేశారు. పోతూ పోతూ, నా చెల్లెలి మొహం చూసి ఊరుకుంటున్నా అన్నాడు. ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఇక సీసాలు నేనే కడుగుతాను.

మార్చి 24

మళ్లీ జతలు కట్టాను. మళ్లీ ప్లగ్‌లు. మళ్లీ ఖాళీ.

సీసాలు కడిగింది నేనే.

మార్చి 25

మేడమ్ వచ్చారు. చెప్పాను. సీసాలేం చేశాయయ్యా పాపం అన్నారు. ఆ మగవన్నీ నిజానికి ఆడవిగా పుట్టాల్సినవట. రెండూ ఎక్స్ క్రోమోజోములే. వై మీద ఉండే ఒక్క జీన్‌ను తెచ్చి వాటిలో చేర్చారు. ఆ ఒక్కటి చాలట, వృషణాలు వచ్చేస్తాయి, మగదానిలా పెరుగుతుంది, కలుస్తుంది, ప్లగ్ కూడా పడుతుంది. వీర్యకణాలు మాత్రం తయారు కావు. దానికి వై మీది మిగతా జీన్లు కావాలి. ముందే చెబితే మీ చూపు మారుతుందని చెప్పలేదు అన్నారు.

పైకి చూస్తే తెలీదా మేడమ్ అని అడిగాను. తెలీదు అన్నారు. దానిక్కూడా తెలీదు అన్నారు.

అర ముందు చాలాసేపు నిలబడ్డాను. ఎంత హుషారుగా తిరుగుతున్నాయో.

మార్చి 26

సూపర్‌వైజర్‌కు నిజం చెప్పి గోడౌన్‌కు వెళ్లాను. బావమరిది మేత బస్తాలు ఎత్తుతున్నాడు. తప్పు నాదే అన్నాను. ఎలుకలొచ్చి సాక్ష్యం చెప్తే గానీ నన్ను నమ్మవన్నమాట అన్నాడు. బస్తాకు రెండో వైపు పట్టాను. సీసాల సంగతి సరే, టెస్ట్ గురించి నేనన్న మాట ఏం చేశావు అన్నాడు.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను, సోమవారం టెస్ట్‌కు వెళ్దామని. చేతిలో పని ఆపి నన్నే చూసింది.

మార్చి 30

టెస్ట్ చేసేచోట కౌంటర్లో కాగితం ఇచ్చారు. పేరు, వయసు రాశాను. కింద మగ, ఆడ అని రెండు గళ్లు. కలం మగ అన్న గడి మీద ఆగింది.

నా భార్య తొంగి చూసి, త్వరగా టిక్కు పెట్టండి, వెనక జనం ఉన్నారు అంది.