గోడకి గీత పడకుండా

జూన్ 9, సోమవారం

ఇవాళ నోరు జారాను.

మా సీసీ కెమెరాల షాపు ఓనరు అత్తగారింటికి బయట గేటు వైపు కెమెరా బిగించాలి. కొత్తగా రంగులు వేయించిన ఇల్లు. గోడ పగలగొట్టకూడదు, గోడ మీద వైరు కనపడకూడదు, ఎక్కడ గీత పడినా ఊరుకోనని ఆవిడ హుకుం. వినగానే ఒక ఫిట్టరుకి నడుం పట్టేసింది, ఇంకొకడికి పన్ను నొప్పి. మిగిలింది డ్రిల్లన్న. ఏ సమస్యకైనా ఆయన జవాబు డ్రిల్లే కాబట్టి ఆ పేరు. వెళ్ళి, గోడ మీద పెన్సిల్ గీత గీసి, చీవాట్లు తిని తిరిగొచ్చాడు.

నేను వెళ్తానని కౌంటర్ వెనక నుంచి అనేశాను. అందరూ నవ్వారు. ఏ కెమెరాకి ఏ కేబుల్ కావాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నన్ను నిచ్చెన ఎక్కనిచ్చిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. చివరికి ఓనరు ఒప్పుకున్నాడు. గీత పడకుండా చేస్తే ఇకనుంచి ఫిట్టింగ్ పనికే పంపుతాడట. పడితే కౌంటరే నా గతి, మళ్ళీ ఆ మాట ఎత్తకూడదట.

మా అమ్మ విని, మేకు కొట్టమంటే గడియారం పగలగొట్టినదానివి కదే అంది. నిజమే.

జూన్ 10

చూసొచ్చాను. ఓనరు అత్తగారిని షాపులో అందరూ పెద్దావిడ అంటారు. బూట్లు గేటు బయటే విప్పించింది. తడిగుడ్డ పట్టుకుని నా వెనకే తిరిగింది. దొంగల భయమా అని అడిగాను. దొంగలా పాడా, వీధిలో పోయేవాళ్ళు ప్రహరీకి కాలు ఆనించి నిలబడుతున్నారట. కొత్త గోడంతా బూటు మరకలట. వాళ్ళెవరో తేల్చుకోవాలట.

హాల్లో టీవీ వెనక చిన్న ప్లేటు ఉంది. తీస్తే పాత యాంటెన్నా వైరు! గోడ లోపలి పైపులోంచి వెళ్ళి, గేటు వైపు సన్‌షేడ్ కింద బయటికి తేలింది. ఆ వైరుతో ఇప్పుడెవరికీ పని లేదు. దాని కొసకి కొత్త కేబుల్ కట్టి అవతల నుంచి లాగితే పాతది బయటికి, కొత్తది లోపలికి. అంతే. ఎగిరి గంతేద్దామనుకున్నాను. తడిగుడ్డ చూసి ఆగాను.

జూన్ 11, మధ్యాహ్నం

కొంప మునిగింది.

సాయంత్రం

ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. పాత వైరు కదులుతుందో లేదో చూద్దామని హాల్లోంచి కొంచెం లాగాను. సాఫీగా వచ్చింది. ఆ సంబరంలో ఇంకొంచెం, ఇంకొంచెం. అవతలి కొస నా చేతిలోకి వచ్చేసింది. కొత్త కేబుల్ కట్టనేలేదు. దారి చూపించే వైరునే పీకి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. కట్టకుండా లాగకూడదని డ్రిల్లన్న రోజూ చెప్పే మాటే. నా చెవులకి ఏం పుట్టిందో.

వైరుకి దారి తీసే స్టీలు స్ప్రింగు పైపులోకి తోశాను. పైపు వంపు దగ్గర మొండికేసింది. డ్రిల్లన్నకి ఫోన్ చేస్తే, నవ్వలేదు పాపం, డ్రిల్లు తీసుకుని రమ్మంటావా అన్నాడు. వద్దన్నాను. ఏడుపొచ్చింది. పెద్దావిడ తడిగుడ్డ మడతపెడుతూ అంతా చూస్తూనే ఉంది. దానికే ఎక్కువ భయమేసింది.

జూన్ 12

సాధించాను!

పొద్దున మా అమ్మ మంచం కింద శుభ్రం చేస్తుంటే వాక్యూమ్ క్లీనర్ నా ఇయర్‌ఫోన్‌ని గుటుక్కున మింగింది. అరవబోయి నోరు మూసుకున్నాను. అప్పుడు తట్టింది. మిషన్ చంకనేసుకుని పెద్దావిడ ఇంట్లో వాలాను. ఊడవడానికి వచ్చాననుకుని మొదటిసారి నవ్వింది.

ప్లాస్టిక్ కవరు ముక్కని ఉండ చేసి దారానికి కట్టి హాల్లో పైపు నోట్లో పెట్టాను. దారం రీలు ఆవిడ చేతికిచ్చి, నేను బయట నిచ్చెనెక్కి అవతలి కొస దగ్గర మిషన్ ఆన్ చేశాను. ఏమీ రాలేదు. టార్చి వేస్తే పైపు నోట్లో మట్టి, కందిరీగలు కట్టి వదిలేసిన గూడు. రంగు మీద రాలకుండా చున్నీ అడ్డం పెట్టి తవ్వాను. మళ్ళీ ఆన్ చేశాను. లోపల్నుంచి పెద్దావిడ కేక వినిపించింది.

“పోతోందే! దారం పోతోందే!”

దారం వెనక పురికొస, పురికొస వెనక కేబుల్. ఈసారి ముడి నేనూ చూశాను, ఆవిడా చూసింది. కేబుల్ తల బయటికి రాగానే ముద్దు పెట్టుకున్నాను. గోడ జోలికి పోకుండా సన్‌షేడ్ అంచుకి క్లాంపు తగిలించి కెమెరా బిగించాను. సాయంత్రానికి ఫోన్‌లో గేటు, బయట వీధి కనపడ్డాయి. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని గోడంతా గీత కోసం వెతికింది. ఉంటేగా!

గేటు బయట బూట్లు వేసుకుని, వీధిలో ఎవరూ లేరు కదా అని చిన్న డాన్సు కూడా వేసి వచ్చాను.

జూన్ 13, శుక్రవారం

ఓనరు పిలిచాడు. మొహం గంటు పెట్టుకుని ఫోన్ చూపించాడు. షాపంతా మూగింది. నా డాన్సు! బిగించింది నేనే, కెమెరా ఉందన్న సంగతే మర్చిపోయాను. సిగ్గుతో చచ్చాను. అయినా అసలు ముంచింది డాన్సు కాదు, దాని ముందుది. లేసు కట్టుకోవడానికి కొత్త ప్రహరీకి కాలు ఆనించాను. నేనే ఎంచిన కెమెరా కదా, నేను కాలెత్తి ఆనించడం అచ్చు గుద్దినట్టు కనపడుతోంది. ఇక కౌంటరేననుకున్నాను.

ఓనరు అత్తగారి వాయిస్ మెసేజ్ వినిపించాడు. “అల్లుడుగారూ, మొదటి దొంగ దొరికింది. గోడ తుడవడానికి ఆ పిల్లనే పంపండి. వచ్చేటప్పుడు పెరటి వైపుకి ఇంకో కెమెరా తెమ్మనండి. ఆ డ్రిల్లాయన్ని మాత్రం వద్దు.”

అందరికంటే గట్టిగా నవ్వింది డ్రిల్లన్నే. ఓనరు నిచ్చెన వైపు చెయ్యి చూపించాడు.

జూన్ 16

నిచ్చెన మీంచే రాస్తున్నాను. ఇవాళ చెప్పులు, లేసుల గొడవ లేదు. కింద నిచ్చెన పట్టుకున్నది పెద్దావిడ. కేబుల్ కట్టావా అని అడుగుతోంది.

కట్టాను. లాగుతున్నాను.