దొరసాని తడిపిన డప్పు

అన్నా, కోపం రాకుండా ఎట్లా ఉంటుంది? "దొరసాని తెల్వక చేసింది, నీకెందుకురా గింత మంట?" అని నిన్న వదిన నన్నే తిట్టింది. తెలియకపోతే అడగొచ్చు కదా!

మన చర్చి మిషను దొరసానిది షికాగో అట. అక్కడ ఏటా పాటల జాతర చేస్తారట. వేలమంది పచ్చికలో కూచుని, కిక్కురుమనకుండా వింటారట. ఎవరూ ఎగిరి ఆడకపోతే అదేం జాతరన్నా? అట్లాంటిదే నిన్న గద్వాలలో పెట్టింది. నువ్వు కన్నుమూసిన ఏడాదికి, గోడకు వేలాడే నీ డప్పు కిందికి దించాను. గడ్డిమంట మీద కాస్తుంటే, దొరసాని "కాలుతోంది, కాలుతోంది!" అని ఉరికొచ్చి బిందెడు నీళ్లు కుమ్మరించింది.

"కాయకుంటే మోగదమ్మా!" అని అరిచాను. అప్పటికే తోలు సాగిపోయింది. జనమంతా బుద్ధిగా కూచుని ఎదురుచూస్తుంటే, నీ డప్పు తడి గోనెసంచిలా పలికింది.

పొద్దుటి నుంచి వదిన తిండి కూడా తినలేదు. నీడ వచ్చినప్పుడల్లా డప్పును ఎండలోకి జరుపుతోంది. ఇప్పుడు దొరసాని తనే గడ్డి మోసుకొచ్చి వాకిట్లో నిలబడింది.

"ఏందిరా, రాసుకుంట కూసున్నవ్? మోగుతదో లేదో చూడు రా!" వదిన పిలుస్తోంది.

పోవాలన్నా.