ఎండ చెమట

అక్కా,

జరిగినవి ముందు వరుసగా రాస్తాను.

1. మొన్న మా పాప చేతికి రూపాయి బిళ్లంత సెన్సర్ అతికించాను. ఒంట్లో చక్కెర ఎంతుందో అది ఫోనుకు చెబుతూ ఉంటుంది. బాగా తగ్గితే ఫోను మోగుతుంది.

2. రెండు రోజులు వేలి రక్తంతో సరిచూశాను. అంకెలు దగ్గరగానే ఉన్నాయి.

3. ఈ రోజు అన్నం తిని పడుకుంటూ పాప, "నాన్నా, ఇయ్యాలన్నా లేపమాక. అరగంటకోసారి లేపుతుంటే నాకు ఒక్క కలా పూర్తికావట్లా" అంది.

నీకున్న చక్కెర జబ్బే పాపకూ వచ్చింది. వచ్చిన ఈ రెండేళ్లలో ఏ మధ్యాహ్నమూ దాన్ని నిండుగా నిద్రపోనివ్వలేదు నేను.

రెంటచింతలలో ఆ వేసవి మధ్యాహ్నం, నిద్రలో నీ మెడంతా చెమట పట్టింది. "ఎండకేరా. ఇసురు, అక్కని లేపమాక" అంది అమ్మ. నేను విసనకర్రతో విసురుతూనే ఉన్నాను. చక్కెర పడిపోయినా చెమట పడుతుందని మా ఇద్దరికీ తెలియదు. నువ్వు మళ్లీ లేవలేదు.

ఇందాక పాప మెడ మీదా చెమట కనిపించింది. లేపబోయి, ఫోను చూశాను. నూట పన్నెండు, పక్కన బాణం గుర్తు అడ్డంగా ఉంది. అంటే చక్కెర పడిపోవట్లేదు, నిలకడగా ఉంది. ఇది వట్టి ఎండ చెమట, అక్కా.

కిటికీ పరదా నెమ్మదిగా ఉబ్బి తగ్గుతోంది. పాప నిద్రలో ఎవరినో చూసి నవ్వుతోంది. ఎవరో అడగాలని ఉన్నా లేపలేదు. ఎడమచేత్తో విసురుతూ, కుడిచేత్తో ఇది రాస్తున్నాను.

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు.
బత్తుల వీరాంజనేయులు