మా ఇద్దరి మధ్య కొన్న ఖాళీ

దూరప్రయాణ రైళ్ల ఫిర్యాదుల విభాగం పెద్ద అధికారి గారి సముఖానికి,
మార్కెట్ వెనక సందులో బట్టలు కుట్టుకు బతికే ఒక దర్జీ సమర్పించుకునే అర్జీ.

విషయం: 'సావకాశం' పథకం కింద నాకు జరిగిన అన్యాయం – దానిని వచ్చే నెల మరొక్కసారి జరిపించవలసిందిగా ప్రార్థన – గురించి.

సూచిక: క్షమాపణ కోరుతూ తమ కార్యాలయం నుంచి నాకు వచ్చిన ఉత్తరం.

అయ్యా,

పై విషయం చదివి తమరు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివే ఉంటారు. అద్దాల తప్పేమీ లేదు. నాకు అన్యాయం జరిగిన మాట నిజం. అందుకు తమ కార్యాలయం వారు విచారం వ్యక్తపరచిన మాటా నిజం. ఆ విచారమే ఇప్పుడు నా కొంప ముంచేలా ఉంది. కావున జరిగింది జరిగినట్టు ఈ దిగువ మనవి చేసుకుంటున్నాను.

1. అర్జీదారునైన నేనూ, నా భార్యా ఒకే దుకాణంలో పనిచేస్తాం. కత్తిరింపు, మిషను నావి. కాజాలు, గుండీలు, చేతికుట్టు ఆమెవి. దుకాణం అన్నానని తమరు పెద్దగా ఊహించుకోవద్దు. మిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం, మేమిద్దరం పోను మిగిలిన చోట్లో కొలతలివ్వడానికి వచ్చిన మనిషి ఊపిరి బిగబట్టి నిలబడాలి. అందుకే మేం కుట్టిన చొక్కాలు ఇంటికెళ్లి ఊపిరి వదలగానే బిగుతైపోతాయని మాకు పేరు. నేను దారం లాగితే ఆమె తల వంచాలి. ఆమె సూది లాగితే నేను పక్కకి ఒరగాలి. పెళ్లయినప్పటి నుంచీ ఒకరి మోచేయి ఒకరం తప్పించుకుంటూ ఇలాగే నెట్టుకొస్తున్నాం.

2. ఒకరోజు కోటుకి చెయ్యి ఎక్కిస్తుండగా నా సదరు మోచేయి ఆమె టీ గ్లాసుకి తగిలింది. టీ కోటు మీద పడింది. ఆ కోటు మర్నాడు పెళ్లి చేసుకోబోయేవాడిది. నేను "చూసుకోవద్దూ" అన్నాను. గ్లాసుకి తగిలింది నా మోచేయి అయి ఉండగా ఆ మాట అనడానికి నాకు ఏ అధికారమూ లేదు. ఆమె తన సూదిని సూదుల దిండుకి గుచ్చింది. "నాకు చెయ్యాడించుకునే చోటు కావాలి" అంది. సంచి సర్దుకుని వాళ్ల అక్కగారింటికి వెళ్లిపోయింది. అక్కగారిల్లు తమ రైల్లో పగలల్లా ప్రయాణం.

ఆమె వెళ్లాక దుకాణమంతా నాదే అయింది. చేతులు బార్లా చాపుకుని కుట్టాను. దారం లాగిన ప్రతిసారీ పక్కకి చూడటం, వంగే తల కనబడక దారం తెంపుకోవడం, ఇదే పని. కాజాలు నేనే వేశాను. వాటిల్లో గుండీ దూరితే బయటికి రాలేదు, వస్తే మళ్లీ దూరలేదు. ఒక ఖాతాదారు చొక్కా విప్పుకోలేక నన్ను వెంటపెట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు. నేను బెంగపెట్టుకున్నాను. దీనిని ఆఫీసు భాషలో ఏమంటారో నాకు తెలియదు.

3. నేను వెళ్లి బతిమాలుకున్నాను. మా వదినగారు, అనగా నా భార్య అక్కగారు, నన్ను గుమ్మంలో నిలబెట్టి సాక్షిగా పక్కన కూర్చున్నారు. నా భార్య ఒకే ఒక్క షరతు పెట్టింది.

"రైల్లో మీకూ నాకూ మధ్య ఒక సీటు ఖాళీగా ఉండాలి. ఇంటికి చేరేదాకా ఆ ఖాళీ ఉంచగలిగితే దుకాణంలోనూ ఉంచుతారని నమ్ముతాను. ఖాళీ ఎక్కడ పోతే అక్కడే దిగి వెనక్కొచ్చేస్తాను."

మా ఆవిడ అన్నదంటే అన్నంత పనీ చేస్తుంది. ఒకే సీటు ఖాళీ మీద నా సంసారం ఆధారపడి ఉందన్న సంగతి తమరు దయచేసి గుర్తుంచుకోవలెను.

4. టికెట్ల కిటికీ పక్కన 'సావకాశం' పథకం పోస్టరు కనిపించింది. పక్క సీటుకి కూడా డబ్బు కడితే దానిని ఖాళీగా ఉంచుతారట. 'మీ మోచేతికి స్వేచ్ఛ కొనండి' అని పెద్దక్షరాలు. అది నాకోసమే అచ్చువేయించారేమో అనిపించి కళ్లు చెమర్చాయి. అక్కడికక్కడే కట్టాను. అయితే పేరు లేని సీటును తమ కంప్యూటరు ఒప్పుకోదన్నాడు గుమాస్తా. ఎవరూ కూర్చోరని చెప్పాను. ఆ కూర్చోనివారి పేరే కావాలన్నాడు. ఇద్దరం ఆలోచించి 'ఖాళీ' అని రాయించాం. వయసడిగితే మాకు పెళ్లయి ఎన్నేళ్లో అది చెప్పాను. ఆడా మగా అంటే, మా ఆవిడ పక్కన కూర్చునేది కాబట్టి ఆడ అన్నాను. గుమాస్తా నన్నొకసారి ఎగాదిగా చూసి టికెట్టు చేతిలో పెట్టాడు.

5. రైలెక్కాం. కిటికీ దగ్గర ఆమె, నడవ పక్కన నేను, నడుమ మేం కొన్న ఖాళీ. నిగనిగలాడుతోంది. దాన్ని చూసి నాకు ఎంత ముచ్చటేసిందంటే, ఊరుకోలేక జేబులోంచి సుద్ద తీసి సరిహద్దులు గీశాను. అలవాటు చొప్పున నా వైపు రెండు గీతలు పడ్డాయి. దర్జీ అన్నవాడు గుడ్డ మీద కుట్టుకి ఒక గీత, కత్తెరకి ఒక గీత గీస్తాడు. ఆ రెండింటి నడుమ వదిలేదాన్ని మార్జిను అంటాం. ఇంకొకరి భార్య అయితే సుద్ద పిచ్చిగీతలని ఊరుకునేది. నాది దర్జీ భార్య.

"ఇక్కడ కూడా మార్జిను మీ వైపే వదులుకున్నారా?" అంది.

మార్జిను కాదు, రైలు కుదిపిందన్నాను. ఆమె సంచి దించడానికి లేచింది. నేను జేబురుమాలు తడిపి రెండు గీతలూ తుడిచి, ఈసారి మార్జినంతా ఆమె వైపు వదిలి మళ్లీ గీశాను. ఆమె ఒక చేత్తో కొలిచి చూసి కూర్చుంది. ఎదుటి సీట్లలో వాళ్లు ముక్కుమీద వేలేసుకున్నారు.

6. అది మొదలు నడవలో పోయే ప్రతివాడూ ఆగి, "ఇది ఖాళీయేనా అండీ?" అని అడగడం. ఖాళీయే అంటే కూర్చుంటారు. కాదంటే మనిషేడీ అంటారు. "ఖాళీయే గానీ ఖాళీ లేదండీ" అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. ఒక ముసలావిడ నా మీద జాలిపడి మంచినీళ్లు ఇచ్చింది. కిటికీ వైపు తిరిగి మా ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని కంగారుపడ్డాను. నవ్వుతోందని తరవాత తెలిసింది.

7. ఇక అసలు అన్యాయం. టీసీ గారు వచ్చి జాబితా చూసి, 'ఖాళీ' అనే ప్రయాణికురాలు ఎక్కడని అడిగారు. రాలేదన్నాను. రాని మనిషి సీటు వెయిటింగు లిస్టులో వాళ్లకి ఇచ్చెయ్యాలన్నారు.

"రాకూడదనే కదండీ కొన్నాను" అన్నాను.

"మరి రాలేదుగా. వస్తే నేనేం చెయ్యలేకపోదును" అన్నారు ఆయన.

ఈ వాదనకి జవాబు నేను ఇంకా వెతుకుతున్నాను. నేను వెతుకుతుండగానే ఆ సీట్లోకి ఒక బ్యాండు వాయిద్యగాడు వచ్చి కూర్చున్నాడు. నిండైన మనిషి. నా టేపు ఆయన్ని చుట్టి రావాలంటే ఇంకో టేపు అతికించాలి. ఒళ్లో ఆయనకన్నా పెద్ద ఇత్తడి బాకా. నేను సగం నడవలోకి వచ్చేశాను. మా ఆవిడ నాకు కనబడటం మానేసింది. బాకా అవతలి నుంచి గొంతు మాత్రం వినబడింది.

"వచ్చే స్టేషన్లో దిగుతున్నా."

నేను ఆవేశంలో ఫిర్యాదుల పుస్తకం తెప్పించుకుని, ఇంతటి ఘోరం లోకంలో జరగలేదని రాసి సంతకం పెట్టాను. ఆ రాతే ఇప్పుడు నా పీకకి చుట్టుకుంది. ఎలాగో 10వ పేరాలో విన్నవిస్తాను.

8. బాకా ఆయన చాలా మర్యాదస్థుడు. మొగుడూ పెళ్లాల మధ్య కూర్చోవడం తనకీ ఇబ్బందిగానే ఉందని, పైగా బాకా పెట్టుకోవడానికి నడవ పక్కన అయితే బాగుంటుందని టీసీ గారితో అన్నాడు. టీసీ గారు వెంటనే నన్ను నడుమ సీట్లోకి జరగమన్నారు. ఎవరూ కూర్చోకుండా ఉండటానికి నేను డబ్బు కట్టిన సీట్లో, చివరికి నన్నే కూర్చోబెట్టారు. ఒకవైపు బాకా ఆయన ఒత్తుడు, ఇంకోవైపు మా ఆవిడ. మా దుకాణమే నయం. ఖాళీ పోయిందన్నమాటే కాదు, ఖాళీకి బాకీ పడ్డాం. స్టేషను వచ్చింది. ఆమె సంచి ఒళ్లో పెట్టుకుంది. బాకా ఆయన పాపం లేచి, బాకా నెత్తిన పెట్టుకుని మరీ దారి ఇచ్చాడు. పెట్టెలో జనమంతా మావైపే చూస్తున్నారు.

ఆమె కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూసింది. "ఇక్కడ ఎండగా ఉంది. పై స్టేషన్లో దిగుతా" అంది.

పై స్టేషన్లో జనం ఎక్కువగా ఉన్నారంది. ఆ పైదానిలో కూర్చోడానికి బల్లలు లేవంది. ఇంకోచోట ఆ ఊరి వాలకమే బాగాలేదంది. ప్రతిచోటా బాకా ఆయన లేవడం, బాకా నెత్తిన పెట్టుకోవడం, మళ్లీ కూర్చోవడం. ఆఖరికి ఆయన, "అమ్మా, ఎక్కడైనా మంచి ఊరొస్తే ముందే చెప్పండి" అని వేడుకున్నాడు.

9. ఈ పేరాకూ ఫిర్యాదుకూ సంబంధం లేదు. అయినా రాయకుండా ఉండలేను. మధ్యాహ్నం భోజనాల తరవాత ఆమె కిటికీకి ఆనుకుని కునుకు తీసింది. రైలు మలుపు తిరిగింది. తల కిటికీ వదిలి నా భుజం మీదికి వచ్చింది. మళ్లీ ఎన్ని మలుపులు తిరిగినా అక్కడి నుంచి కదల్లేదు. అయ్యా, దుకాణంలో మేం ఎంత దగ్గరగా కూర్చున్నా మా మధ్య ఎప్పుడూ ఏదో ఒక కోటో, లాగో ఉంటుంది. పనేమీ లేకుండా ఆమె నా పక్కన కూర్చుని ఎన్నాళ్లయిందో నాకు గుర్తు లేదు. నేను గాల్లో తేలిపోయాను. ఆ భుజం కింద ఉన్నది నా కత్తెర పట్టే చెయ్యి. మొదట తిమ్మిరెక్కింది, తరవాత మొద్దుబారింది, ఆ తరవాత అసలు ఉందో లేదో తెలియలేదు. ఉంటేనేం, లేకపోతేనేం. టీ వచ్చినా కదల్లేదు. ముక్కు దురదపెట్టినా కిక్కురుమనలేదు. కొత్త టీసీ గారు వచ్చి టికెట్టు అడిగితే, అది ఈ తల కింది జేబులో ఉందని కళ్లతో సైగ చేశాను. ఆయన కాసేపు నిలబడి, ఏమనుకున్నారో ఏమో, మునివేళ్ల మీద నడిచి వెళ్లిపోయారు. తమ శాఖలో అటువంటి ఉద్యోగి ఉన్నందుకు తమరికి నా అభినందనలు.

10. ఇల్లు చేరాం. ఇచ్చిన మాట ప్రకారం నేను ఇస్త్రీ బల్లను అరుగు మీదికి జరిపి ఆమెకు విడిగా చోటు చేశాను. ఇప్పుడు ఆమె హాయిగా చెయ్యాడించుకుంటోంది. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా తమ ఉత్తరం వచ్చింది. నా ఫిర్యాదు పరిశీలించారట. మిక్కిలి చింతిస్తున్నారట. వదినగారింటికి రానూపోనూ ఉచిత టికెట్లు ఇస్తూ, నడుమ సీటు ఈసారి ఎట్టి పరిస్థితుల్లోనూ ఖాళీగానే ఉంటుందని, ఒక ఉద్యోగి ప్రత్యేకంగా కాపలా ఉంటాడని హామీ ఇచ్చారు. ఆ ఉత్తరం నాకన్నా ముందు మా ఆవిడ చేతిలో పడింది. పైకి చదివింది. "హమ్మయ్య, వచ్చే నెల కాళ్లు చాపుకుని వెళ్లొచ్చు" అని టికెట్లు గుండీల డబ్బాలో దాచింది. అప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

ఖాళీ వద్దని నేను అంటే మాట తప్పినవాణ్ణి అవుతాను. అదే తమరు తప్పితే ఎవరూ ఏమీ అనుకోరు, రైళ్లన్నాక మామూలే అనుకుంటారు. కావున నా ప్రార్థన ఏమనగా: సదరు నడుమ సీటును దయచేసి ఎవరికైనా ఇచ్చివేయవలెను. కాస్త పుష్టిగా ఉన్నవారైతే మేలు. పై బాకా ఆయన ఎక్కడ ఉన్నా వెతికించి, బాకాతో సహా ఎక్కిస్తే ఆయనకి ఒక కోటు ఊరికే కుట్టిపెడతాను, గుడ్డ ఎంత పట్టినా సరే. ఇవేవీ కుదరకపోతే, కిటికీ సీటూ నడుమ సీటూ తప్ప పెట్టెలో మిగతావన్నీ మరమ్మతులో ఉన్నట్టు బోర్డు పెట్టించవలెను. సావకాశం కావలసినవాళ్లు కొనుక్కోనివ్వండి, కాదనను. అలాగే ఇరుకు కావలసినవాళ్లకీ ఒక పథకం పెట్టండి. మొదటి టికెట్టు నాదే.

ఇంత గోలా ఓపిగ్గా చిత్తగించితిరి గనుక, ఆఖరి కోరికను మాత్రం ఇంకొకసారి చిత్తగించవలెను.

ఇట్లు,
తమకు విధేయుడు, ఇంట్లో అంతకన్నా విధేయుడు,
మార్కెట్ వెనక సందు దర్జీ

తా.క.: అయ్యా, నేను వారి భార్యను. ఈ అర్జీ పోస్టులో వెయ్యమని ఆయన కాజాలబ్బాయికి ఇచ్చానంటున్నారు. మా దుకాణంలో అలాంటి అబ్బాయే లేడు, కాజాలు వేసేది నేనే. పని ధ్యాసలో నా చేతిలోనే పెట్టి, ఎవరికిచ్చారో కూడా చూసుకోలేదు. నేను అడిగింది చెయ్యాడించుకునే చోటు. అది దొరికింది, చాలు. మనిషిని అవతలి సీటుకి పంపమని కోపంలో అన్నాను, అప్పుడు నిజంగానే అన్నాను. ఇప్పుడు ఆయన అడిగినట్టే చెయ్యండి. కానీ ఒప్పుకున్నట్టు ఆయనకి జవాబు రాయకండి. రైలెక్కేదాకా కాస్త కంగారు పడనివ్వండి.

ఇంకొక మాట. తొమ్మిదో పేరాలో ఆయన రాసింది తప్పు. ఆ మధ్యాహ్నం నేను నిద్రపోలేదు.