వర్క్‌షాపు పని నడక కాదట

ఏమండీ,

ఈ రోజు మీ తద్దినం పెట్టాం. మన అబ్బాయికి కూడా షుగర్ ఉందని పోయిన వారమే తెలిసింది. మీరు పోయాక వర్క్‌షాపులో మీ ఉద్యోగం వాడికి ఇచ్చినప్పుడు ఇల్లు నిలబడిందని వెంకన్నకి మొక్కు తీర్చుకున్నాను.

ఆస్పత్రిలో తెలుగు రాని డాక్టరమ్మ మందులు రాసి, పని వేరు, నడక వేరు, రోజూ సాయంత్రం చెమట పట్టేలా నడవాలని హిందీలో నిదానంగా చెప్పింది. వాడు తలూపి వచ్చాడు. ఇవాళ ఎండ తగ్గాక, అలా గ్రౌండు దాకా నడిచి రారా అన్నాను.

"రోజూ వర్క్‌షాపులో నిలబడే సస్తన్నాను గదమ్మా, మళ్లీ నడకేటి? అవన్నీ కుర్చీలో కూకునే బాబులకి," అని నవ్వి అటు తిరిగి పడుకున్నాడు.

అచ్చం మీ మాటే. కాలి పుండు మానక మంచం పట్టేదాకా మీరూ అలాగే నవ్వారు. మీకే నచ్చజెప్పలేకపోయినదాన్ని, వాడికేం చెప్పగలను?

తద్దినం నాడు మీ ఆత్మకు శాంతి కోరుకోవాలి. నేను మాత్రం మీ ఫోటో ముందు నిలబడి, వాణ్ణి అప్పుడే మీ దగ్గరికి పిలుచుకోవద్దని బతిమాలుకున్నాను.