సీరం సీసా మీది రెండు వరుసలు

ఔషధ తనిఖీ అధికారి గారి సముఖమునకు,
కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు నివాసి ఓంకార్ సమర్పించుకొను అర్జీ.

విషయం: మూలకణాల సీరం సీసాలపై అసత్యమును తొలగించుట, రాసినవానిపై చర్య తీసుకొనుట గురించి.

అయ్యా,

1. నేను రాయదుర్గంలోని ఒక సౌందర్య సాధనాల కంపెనీలో ఇంగ్లీషు లేబుళ్లను తెలుగు చేయు ఉద్యోగిని. యాపిల్ మూలకణాల సారంతో చేసి, ముఖానికి పూసుకొను మా సీరం గురించి ఇంగ్లీషులో ఉన్నది ఇది: ప్రయోగశాలలో, గాజు పళ్లెంలో పెంచిన కణాలపై పరీక్షించగా, ఆక్సీకరణ వల్ల చర్మానికి కలిగే నష్టం కొంత తగ్గవచ్చునని కనబడినది. ఇది ఎండకు అడ్డు కాదని కింద మరొక వాక్యము కలదు.

2. సీసా బొటనవేలంత. తెలుగుకు రెండు వరుసలే ఇస్తారు. నా అనువాదం ఐదు వరుసలైంది. మేనేజర్ రసజ్ఞ గారు, "ఇంత పొడుగైతే ఎవరు చదువుతారండీ, కొంచెం కుదించండి" అన్నారు. కుదించితిని. ప్రయోగశాల పోయింది, గాజు పళ్లెం పోయింది, ఎండకు అడ్డు కాదన్న వాక్యం కూడా పోయింది. ఆక్సీకరణ అంటే ఎవరికీ తెలియదని, దాని చోట ఎండ అని పెట్టితిని. మిగిలినది: "మూలకణాల శక్తి. ఎండ నుంచి మీ చర్మానికి రక్ష." రసజ్ఞ గారు మెచ్చుకున్నారు. నేను సిగ్గులేకుండా మురిసిపోయాను.

3. ఉగాదికి ఆఫీసులో తలా రెండు సీసాలు పంచారు. మా ఆఫీసులో తోటపని చేసే కిష్టమ్మ ఇరవై ఏళ్లుగా ముఖానికి బట్ట చుట్టుకోనిదే ఎండలోకి రాని మనిషి. లేబుల్ నా చేత చదివించుకుని, "గిది పూసుకుంటే ఎండ ఏం జెయ్యదా సారు?" అని అడిగింది. పక్కన రసజ్ఞ గారున్నారు. "అలాగే రాశారమ్మా" అన్నాను. రాసింది ఎవరో చెప్పలేదు.

4. మర్నాటి నుంచి ఆమె బట్ట మానేసింది. పది రోజులకు ముఖం బొబ్బలెక్కి, ఒక కన్ను మూసుకుపోయి బస్తీ దవాఖానకు వెళ్లింది. పరామర్శించబోతే, "నాకే సక్కగ పూసుకునుడు రాలె సారు, జర ఎక్కువ పూసుకోవాలె గావచ్చు" అంది. అయ్యా, ఆమె తిట్టి ఉంటే ఈ అర్జీ రాసేవాణ్ణి కాదేమో.

5. ఆమె సోమవారం తిరిగి పనిలోకి వస్తుందట. రెండో సీసా ఆమె వద్దనే ఉన్నది. కావున తాము అంతలోపల సదరు లేబుల్‌ను నిలిపివేయించి, కంపెనీతో పాటు నన్నును బాధ్యుణ్ణి చేయవలెను. ఇంగ్లీషు మూలము, నా తెలుగు జతపరచడమైనది.

చిత్తగించి, నాపై దయ చూపకుండా విచారించవలెను.

తమ విధేయుడు,
ఓంకార్

తా.క.: సాక్షి సంతకం కోసం కిష్టమ్మ ఇంటికి వెళ్లి ఇదంతా చదివి వినిపించాను. రాసింది నేనేనని చెప్పాను. ఆమె, "రెండో సీస నా తాన లేదు సారు. కొండాపూర్‌ల ముంజలు అమ్మే మా చెల్లె గంగమ్మకిచ్చిన. నువ్వు జెప్పిన ముక్కనే జెప్పి ఇచ్చిన. ఆమెకు ఫోన్ గూడ లేదు" అంది. గంగమ్మ ఏ మలుపులో కూర్చుంటుందో సరిగా తెలియదు. ఈ కాగితం తమ కార్యాలయంలో ఇచ్చి కొండాపూర్‌కే వెళుతున్నాను. ఇప్పుడు టైము పన్నెండున్నర. ఎండ బాగా ఉంది.