కారు తలుపు విప్పిన ఆదివారం

చిరంజీవి కోడలికి,

అత్తయ్య మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మీ ఆయనా కులాసాగా ఉన్నాం. నువ్వూ వేళకి తింటూ, కంటినిండా నిద్రపోతూ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం నిన్న అందింది. నాలుగుసార్లు చదివాను. ఫోనులో నాకు సగం మాటలే చెవిన పడతాయని, తీరిక లేకపోయినా కూర్చుని కాగితం మీద రాస్తున్నావు. ముప్ఫయ్యొక్క ఏళ్లు ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ల హోరు మధ్య నిలబడిన చెవులు, వాటినేమనగలం! నర్సు పై చదువుకి చేరిన ఆ ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పాపకి మొదటిసారి నువ్వే సూది పెట్టావని, ఆ నరం దారప్పోగంత ఉందని రాశావు. ఆ ముక్క చదువుతుంటే నా వేళ్లు కూడా బిగుసుకున్నాయి. పాప ఎలా ఉంది? బరువు పెరిగిందా? ఈసారి తప్పకుండా రాయి.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. కుండీల్లో మొక్కలు మూడు బాగున్నాయి. నాలుగోదాన్ని మీ ఆయన ప్రేమ ఎక్కువై నీళ్లు పోసి పోసి చంపాడు. పై అంతస్తు టీచరుగారు నీ పుస్తకం తిరిగి ఇచ్చారు, నీ బీరువాలో పెట్టాను. వాడు వేళకి తింటున్నాడా అని అడిగావు. తినడమే కాదు, వండుతున్నాడు కూడా. ఉప్పు విషయంలో మాత్రం ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు.

నా మోకాలి సంగతి అడిగావు. డాక్టరు ఏమన్నాడన్నావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందు కారు సంగతి చెప్పనీ. అది చెప్పకుండా ఇది చెప్పడం నావల్ల కాదు.

నీకు ఫోనులో తెలిసిందే, పోయిన గురువారం కారులో డ్రైవరు పక్క సీటు అద్దం ఉన్నట్టుండి తలుపులోకి జారిపోయింది. మీ ఆయన ప్రెస్సు నుంచి వస్తుండగా దారిలో వాన. స్విచ్ నొక్కితే తలుపు లోపల మోటారు గుర్రుమంటోంది గాని అద్దం పైకి రాదు. ఇల్లు చేరేసరికి వాడి భుజం, నువ్వు కూర్చునే సీటు, దిద్దడానికి తెచ్చుకున్న ప్రూఫుల కట్ట, అన్నీ ముద్దముద్ద. మర్నాడు ప్లాస్టిక్ కవరు అంటించుకుని తిరిగాడు. అది గాలికి పటపట కొట్టుకుంటుంటే వీధి వీధంతా తల తిప్పి చూసింది.

గ్యారేజీ మెకానిక్ చూసి, "అద్దానికీ మోటారుకీ ఏం కాలేదు సార్. అద్దాన్ని ఎత్తే సెట్టు పోయింది, అది మార్చాలి. పది రోజులు ఆగండి, చేతినిండా పనుంది" అన్నాడట.

"పది రోజులెందుకమ్మా? నేనే మార్చేస్తాను. వీడియోలు చూశాను" అన్నాడు మీ ఆయన.

నవ్వు ఆపుకున్నాను. అచ్చుతప్పు ఎక్కడ నక్కినా పట్టేసే కళ్లేగాని, ఆ చేతులు ఇంతవరకు బల్బు కూడా తిన్నగా బిగించలేదని మనిద్దరికీ తెలుసు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాడు. నన్ను వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ల కింద స్టూలు కూడా వేశాడు. "నువ్వు కదలకు. మోకాలు జాగ్రత్త. కూర్చుని చెబుతుండు, చాలు" అన్నాడు. కొత్త సెట్టుతో వచ్చిన కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాడు. అరగంటలో అందులో పదకొండు తప్పులు దిద్దాడు. తలుపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"నాయనా, ముందు బ్యాటరీ తీగ ఊడదీయి" అన్నాను.

"అది రెండో పేజీలో ఉందమ్మా."

"నువ్వు రెండో పేజీకి వచ్చేలోపు మోటారు తిరిగిందంటే వేలు నలుగుతుంది."

తీశాడు. పిడి వెనక దాక్కున్న స్క్రూలు విప్పించాను. తలుపు లోపలి పలకని అంచు చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు పట్టుకుని ఉంటాయి. ఒక్కొక్కటీ టప్పుమని ఊడినప్పుడల్లా ఏదో విరిగిందని ఉలిక్కిపడ్డాడు. ఒకటి నిజంగానే విరిగింది. పలక ఊడొచ్చాక, వాన నీళ్లు రాకుండా నల్లటి బంకతో అంటించిన ప్లాస్టిక్ కాగితం. ఆ బంక వాడి చేతికి, చేతి నుంచి చొక్కాకి, చొక్కా నుంచి కళ్లజోడుకి చేరింది. అద్దాన్ని పట్టి ఉంచిన బోల్టు విప్పించి, దాన్ని చేత్తో పైకంటా లాగించి, తలుపు చట్రానికి టేపుతో కట్టించాను.

అప్పుడు కొత్త సెట్టు పక్కన పెట్టి చూశాడు. అంతా తిరగేసి ఉంది. అది డ్రైవరు వైపుది. దుకాణంవాణ్ణి ఓ నాలుగు మాటలు అన్నాడు గాని, తప్పు దుకాణంవాడిది కాదు. కుడీ ఎడమా చెప్పేటప్పుడు మీ ఆయన కారుకి ఎదురుగా నిలబడ్డాడట.

"ఇప్పుడే మార్చుకొస్తాను. నువ్వు దేన్నీ ముట్టుకోకు" అని టీచరుగారి స్కూటరు అడిగి తీసుకుని వెళ్లాడు.

ముట్టుకోకుండా ఎలా ఉంటాను చెప్పు? కళ్లెదుట ఒక మిషను కడుపు తెరుచుకుని ఉంది. కుర్చీలోంచి లేచి, తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, టార్చి వేసి లోపలికి చూశాను. నిలువుగా ఒక ఇనుప బద్ద. దాని మీద పైకీ కిందికీ జారే చిన్న ప్లాస్టిక్ ముక్క, అదే అద్దాన్ని పట్టుకునేది. దాన్ని లాగే సన్నటి ఉక్కు తీగ. ఆ తీగ చుట్టుకునే చక్రం అచ్చం కుట్టు మిషను బాబిన్‌లాగే ఉంది. బాబిన్ కింద దారం చిక్కుపడితే గుడ్డ ముందుకి కదలదు చూడు, ఇక్కడ తీగ అలాగే చక్రం మీంచి తప్పి పిచ్చుక గూడులా అయిపోయింది. ప్లాస్టిక్ ముక్క అంచు విరిగిపోయి ఉంది.

బోల్టులు విప్పాను. పాత సెట్టుని అటు వంచి ఇటు తిప్పి బయటికి లాగాను. మోటారు వేరు చేసి తుడిచి పక్కన పెట్టాను. ఒళ్లు తెలియలేదమ్మాయ్. ఫ్యాక్టరీలో లైను ఆగిపోయి, నలభైమంది చేతులు కట్టుకుని నావైపే చూస్తుంటే మిషను కింద దూరినప్పటి హుషారు వచ్చింది.

ఇంతలో ఎండకి టేపు బంక మెత్తబడినట్టుంది, చర్రుమని ఒక మూల ఊడింది. అద్దం కదిలింది. కింద ఇనుము, పడితే ముక్కలే. కూర్చున్నదాన్ని ఒక్క ఉదుటున లేచి రెండు అరచేతులతో ఒడిసిపట్టుకున్నాను. ఊపిరి పీల్చుకుని తల తిప్పి చూద్దును కదా, గేటు దగ్గర కొత్త సెట్టు చంకన పెట్టుకుని మీ ఆయన.

వాడు అద్దాన్ని చూడలేదు. నా కాళ్లని చూశాడు.

"అమ్మా, నీ మోకాలు?"

"ముందు టేపు అందుకో" అన్నాను.

టేపు వేశాడు. గట్టిగానే వేశాడు. వేశాక మెల్లిగా అన్నాడు: "మూడు వారాలుగా నీ వెనక స్టూలు మోసుకుని తిరుగుతున్నాను. నువ్వు లేవలేకపోతున్నావని తనకి ఫోనులో చెప్పాను. తను ఏడ్చింది, నీకు తెలుసా?"



అమ్మాయ్, నా మోకాలికి ఏమీ లేదు. మొదటిరోజు మెట్లు దిగుతుంటే పట్టేసిన మాట నిజం. మర్నాటికి పోయింది. కాని ఆ సాయంత్రం వాడు నీతో మాట్లాడి వచ్చి, "నేను వచ్చేయనా అంటోందమ్మా" అన్నాడు. ఆ మాట విన్నాక మోకాలు తగ్గడం నాకు ఇష్టం లేకపోయింది. డాక్టరు దగ్గరికి పోదామంటే రేపన్నాను, ఎల్లుండన్నాను. వాడు తెచ్చిన మందు రాసుకున్నట్టు నటించి, డబ్బా మూత కింది కాగితం కూడా చింపలేదు.

ఇంకొకటుంది. అద్దం పోయింది నువ్వు తలుపు గట్టిగా వేయడం వల్లనేమో అని, తప్పంతా నీదే అన్నట్టు రాశావు. వాడూ ఫోనులో నిన్ను అదే అన్నాడు, పక్కనే ఉండి విని ఊరుకున్నాను. నీ తప్పు కాదు. రెండు నెలల కిందట నువ్వు బయల్దేరిన రోజు, కారులో కూర్చున్నాక కూడా నేను వదల్లేదు. "ఏడాదిపాటు ఈ ఇల్లు ఏమైపోవాలి? ఉన్న ఉద్యోగం చాలదా?" అన్నాను. నువ్వు బదులు చెప్పకుండా స్విచ్ నొక్కావు. పైకి లేస్తున్న అద్దం మీద నేను రెండు చేతులూ వేసి బలంగా కిందికి నొక్కాను. లోపల టక్కుమంది. ఆ చప్పుడు మీ ఇద్దరికీ పట్టలేదు. నాకు అప్పుడే తెలుసు, ఏదో పగిలిందని. ఇన్నాళ్లూ అది కిర్రుమంటూ నెట్టుకొచ్చి, చివరికి చేతులెత్తేసింది.

ఏదో మంచిమాట చెప్పి సాగనంపడానికే అద్దం పట్టుకున్నానని రాయొచ్చు, నువ్వు నమ్ముతావు కూడా. కాదు. నిన్ను ఆపాలనే పట్టుకున్నాను.

ఎందుకని అడుగుతావు. ఆదివారం నుంచి నన్ను నేనూ అడుగుతున్నాను. నాకు ఇరవై తొమ్మిదో ఏట, ఫ్యాక్టరీకి కొత్త మిషన్లు వచ్చినప్పుడు, వాటి మరమ్మతు నేర్చుకోవడానికి ఆరు నెలలు వేరే ఊరికి పంపాలని ముగ్గురి పేర్లు రాశారు. అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. వెళ్లేముందు మా అత్తగారికి ఆయాసం వచ్చింది. నేను ఆగిపోయాను. ఆ తర్వాత ఆ పనంతా పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను, వెళ్లొచ్చినవాళ్ల కంటే బాగా చేశాను. అయినా రిటైరయ్యేదాకా నా కార్డు మీద హెల్పరనే ఉంది. మా అత్తగారికి ఆ రోజు నిజంగా ఆయాసం వచ్చిందో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఆవిడా చెప్పలేదు, చెప్పకుండానే పోయింది. ఆవిడ మీద కోపం పోయిందనుకున్నాను. పోలేదు, నా చేతుల్లోకి వచ్చి కూర్చుంది.

ఆ రోజు పని సగంలో వదల్లేదు. ఇద్దరం కలిసి కొత్త సెట్టు లోపల పెట్టి, మోటారు తగిలించి, అద్దం దాని మీద కూర్చోబెట్టాం. "బోల్టులు ఇప్పుడే పూర్తిగా బిగించకు, ఒకసారి నడిపి చూద్దాం" అన్నాను. బ్యాటరీ కలిపాడు. స్విచ్ నొక్కాడు. అద్దం కాస్త వంకరగా లేచింది. కిందికి దించి, ఒక పక్క సర్ది, మళ్లీ నొక్కమన్నాను. చప్పుడు లేకుండా చివరికంటా వెళ్లి ఆగింది.

"ఎక్కింది" అన్నాడు. మధ్యాహ్నమంతా వాడు మాట్లాడిన మాట అదొక్కటే. రాత్రి భోజనాల దగ్గర మాత్రం అన్నాడు: "అమ్మా, ఇదంతా తనకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

సోమవారం రాయబోయాను, రాయలేదు. మంగళవారం కాగితం, పెన్ను తీసి మళ్లీ లోపల పెట్టేశాను. నిన్న నీ ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా చదువు మానేస్తానని రాసిస్తే పాత వార్డులోకి తీసుకుంటారని, ఆ తర్వాత కుదరదని, "మీరు ఒక్కమాట రమ్మంటే వచ్చేస్తాను అత్తయ్యా" అని రాశావు. ఆ వాక్యం దగ్గర ఇక ఆగలేకపోయాను. వాడు ప్రెస్సుకి వెళ్లగానే కూర్చున్నాను, ఇప్పుడు మధ్యాహ్నం మూడైంది.

రావద్దు. ఇల్లు ఏమీ అయిపోలేదు. ఇద్దరు మనుషులు, మూడు కుండీలు, ఎవరికీ ఏ లోటూ లేదు. ఆ పాపలాంటి వాళ్లు నీ చేతికి ఎంతమంది వస్తారో నాకు తెలియదు గాని, ఆ చేతులు పూర్తిగా నేర్చుకునే రావాలి.

నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. వాడికి ఇంకా పూర్తిగా తగ్గలేదు. నన్ను క్షమించమని ఈ ఉత్తరంలోనే అడిగేసి చేతులు దులుపుకోను, నువ్వు ఎదురుగా ఉన్నప్పుడు అడుగుతాను. ఇప్పటికి ఒక్కటే కోరుతున్నాను. మానేస్తానని కాదు, చదువు కొనసాగిస్తానని ముందు అక్కడ రాసి సంతకం పెట్టి ఇచ్చెయ్యి. ఆ తర్వాతే నాకు జవాబు రాయి. ఎంత కోపంగా రాసినా సరే, పెద్ద ఉత్తరం రాయి.

ఇట్లు,
ఈ ఇంట్లో నీకోసం ఉన్న
నీ అత్తయ్య